శివారుకు చేరే నీరు

యెహెజ్కేలు గ్రంథం 47వ అధ్యాయం కృష్ణా డెల్టా వాళ్లకి అర్థమైనంతగా మరెవరికీ అర్థం కాదేమో అనిపిస్తుంది. అందులో ఉన్నదంతా నీళ్ల సంగతే.

ముందు ఆ ప్రవక్త ఎక్కడున్నాడో చూడండి. యెరూషలేము నుంచి బబులోనుకు చెరపట్టి తీసుకుపోయినవారిలో ఒకడు. వాళ్ల నివాసం కెబారు నది దగ్గర. నది అన్నారు గానీ, అది నిప్పూరు దగ్గర తవ్విన కాలువేనని పండితుల మాట. అంటే మన బందరు కాలువ గట్టున కాపురం లాంటిదన్నమాట! పట్టణం కూలిన 14వ ఏట, అప్పటికి లేని దేవాలయం గుమ్మం కింద నుంచి సన్నగా నీరు తూర్పుకు పారడం ఆయన దర్శనంలో చూశాడు. కొలనూలు పట్టిన మనిషి వెయ్యి మూరలు కొలిస్తే నీరు చీలమండ దాకా వచ్చింది. మరో వెయ్యికి మోకాళ్లు, ఇంకో వెయ్యికి మొల. నాలుగోసారికి ఈదాల్సిన నది!

దీని మీద ప్రసంగాలు చాలానే విన్నాం. ఏ విశ్వాసి ఎంత లోతుకు దిగాడో తేల్చే పరీక్షలా చెబుతారు. తప్పు కాదు. అయితే పొలం ఉన్నవాడికి ఇంకొకటి తడుతుంది. 1855లో పూర్తయిన పాత ఆనకట్ట పోయి 1957లో ప్రకాశం బ్యారేజి వచ్చినా, ఒక సంగతి మారలేదు. విజయవాడలో నిండుగా బయల్దేరిన కాలువ నాగాయలంక, కోడూరు వైపు చేరేసరికి సన్నబడుతుంది. ఎగువ తూములు తాగగా మిగిలిందే శివారుది. యెహెజ్కేలు చూసిన నీరు దీనికి తలకిందులు. ఏ వాగూ కలవకుండానే పోయేకొద్దీ లోతవుతుంది. గుమ్మం దగ్గరివాడికి పాదాలు తడిస్తే, ఉప్పు సముద్రం ఒడ్డున ఏన్గెదీ జాలరికి వల నిండా చేపలు. (నీరు ఎక్కువైతే వరమేనని సింగ్‌నగర్ వాళ్లతో అనకండి. 2024 సెప్టెంబరులో బుడమేరు వాళ్ల ఇళ్లలోకే వచ్చింది.)

ఇక 11వ వచనం. ఊబినేలలు, మడుగులు మాత్రం బాగుపడవట, ఉప్పుతోనే ఉండిపోతాయట. బలికీ భోజనానికీ ఉప్పు కావాలి కాబట్టి అలా మిగిల్చాడని కొందరంటారు. బందరు తీరాన ఉప్పుమళ్లు చూసినవారికి అదీ న్యాయమే అనిపిస్తుంది. నీరు వచ్చి నిలిచిపోయే చోటు బాగుపడదన్నది ఇంకొందరి మాట. నాకు ఇదే సబబుగా తోస్తుంది. మురుగుకాలువ పూడితే పొలం ఏమవుతుందో రైతుకు చెప్పక్కర్లేదు. నీరు పెట్టడం ఎంత పనో, తీసేయడమూ అంత పనే.

మన సంఘాల్లోనూ మడుగులున్నాయి. ముందు బెంచీలు కొన్ని ఇళ్లకే అలవాటు. పిల్లల చదువుకి సాయమైనా, ఆసుపత్రి ఖర్చుకి చందా అయినా ముందు గుమ్మం దగ్గరివారికే తెలుస్తుంది. తెలిసినవారు మరొకరికి చెప్పరు. పట్నంలో ఆదివారం మూడు ఆరాధనలు జరిగితే, సముద్రం దగ్గరి పేటకు బోధకుడు వెళ్లేది ఎప్పుడో.

ఆ మధ్య అలాంటి పేటకు ఓ బోధకుడి వెంట వెళ్లాను. తాటాకు పందిరి కింద ఆరాధన అయ్యాక ఓ ముసలి మామ్మ ఆయన చెయ్యి పట్టుకుంది.

"అయ్యగారూ, వచ్చే నెలన్నా బల్ల మాదాకా వస్తదా?"

ఆయన జేబులోంచి డైరీ తీసి పేజీలు తిప్పుతున్నాడు. మామ్మ చెయ్యి వదల్లేదు.