ఉడుతలును మన చింతచెట్టును

“ఉడుతాభక్తి” యను మాట నెఱుగని తెలుగువారుండరు. శక్తికొలది కొంచెమైనను సాయము చేసిన వారిని మెచ్చుకొనుటకు మనమీ చిన్న జంతువు పేరునే వాడుకొనుచున్నాము. సేతువు కట్టునపుడు ఉడుత యిసుకలో పొరలి, ఆ యిసుకను రాళ్ళ సందులలో విదల్చెననియు, రాముడు దాని వీపు నిమురగా చారలేర్పడెననియు చెప్పెడి కథ వాల్మీకి రామాయణమున లేకున్నను మన దేశమున ఇంటింట వినబడును. మాటలో నింత గౌరవమిచ్చిన మనము, ఆ జంతువే పెరటి గోడపై కనబడగానే రాయి వెదకుట నాకు వింతగా తోచును.

ఈ ప్రస్తావన యిపుడేల యనిన, మన వసతిగృహము వెనుకనున్న ముసలి చింతచెట్టును కొట్టింపవలయునని కొందఱు పెద్దలు తలంచుచున్నారు. ఉడుతలు కొట్టుగదిలో దూరి వేరుసెనగలను, సబ్బులను సయితము కొఱుకుచున్నవని యొక ఫిర్యాదు. చెట్టు దాపున పాములు కనబడుచున్నవని మఱియొకటి. రెండును నిజములే. అయినను చెట్టును కొట్టుట వీనికి విరుగుడు కాదని నా యభిప్రాయము.

మొదట ఉడుత సంగతి చూతము. మన దక్షిణదేశపు ఉడుత వీపున తెల్లని చారలు మూడు. ఉత్తరదేశమున నుండు దాని చుట్టమునకు ఐదు. (అచ్చట రాముడు ఐదు వ్రేళ్ళతో నిమిరెనా యని ఎనిమిదవ తరగతి బాలుడొకడు నన్నడిగెను. ప్రత్యుత్తరము తోచక నేనును తరగతితోపాటు నవ్వితిని.) దాని బరువు ఇంచుమించుగా 100 గ్రాములు, అనగా ఒక సబ్బుబిళ్ళయంత. ముందరి పండ్లు బ్రదికినంతకాలము పెరుగుచునే యుండును గనుక నిత్యము ఏదోయొకటి కొఱికి వానిని అరగదీసికొనవలసినదే. కొఱుకుట దాని కొంటెతనము కాదు. చెట్టు దిగునపుడు తలక్రిందుగా దిగుటను మీరందఱు చూచియుందురు. వెనుక పాదములు వెనుకకు తిరుగగలుగుటచేత గోళ్ళు బెరడును విడువక పట్టియుండును. గింజలు, పండ్లు, మొగ్గలు మాత్రమే కాక పురుగులను కూడ తినును. పక్షుల గ్రుడ్లను దొంగిలించుమాటయు దాచనక్కఱలేదు.

మధ్యాహ్నపు తరగతులలో ఎడతెగక వినబడు దాని అఱపు వట్టి అల్లరి యని పలువురి తలంపు. పలుమారు అది కావలివాని కేక. పిల్లియో డేగయో పామో కంటబడినపుడు, అఱపున కొకమారు తోక నెగవేయుచు అది తన వారిని హెచ్చరించును. కిటికీ వైపు చూచు బాలుని మందలించుట ఉపాధ్యాయ ధర్మమే గాని, ఆ కేక వినబడినపుడు నేను పాఠమాపి అందఱిని చూడనిత్తును. పిల్లి యెచ్చటనున్నదో మొదట కనిపెట్టువారు తఱచుగా వెనుక బల్లలవారే!

ఉండేలు పట్టిన బాలునికంటె, అట్టపెట్టెలో ఉడుతపిల్లను దాచుకొన్న బాలిక నాకెక్కువ విచారము కలిగించును. తాను చేయునది క్రూరమని వానికి తెలియును, ఆమెకు తెలియదు. గాలికి గూటినుండి జారిపడిన పిల్లను జాలితో ఇంటికి తెచ్చి ఆవుపాలు పోయుదురు. ఆ పాలు సరిపడక, విరేచనములు పట్టి, అది చచ్చుట కలదు. అట్టి పిల్లను మెత్తని గుడ్డ వేసిన చిన్న బుట్టలోనుంచి, చీమలు చేరకుండ చూచి, ఆ చెట్టు కొమ్మకే కట్టి దూరముగా తొలగవలయును. పలుమారు తల్లియే వచ్చి నోట కఱచుకొనిపోవును. చీకటి పడువఱకు రాకున్నచో పశువైద్యునకు గాని అటవీశాఖవారికి గాని తెలుపుడు.

ఇక పాములు. అవి వచ్చుట చెట్టుకొఱకు కాదు, ఎలుకలకొఱకు. ఎలుకలు వచ్చుట మూతలేని ధాన్యపు డబ్బాలవలన, వంటశాల వెనుక పారవేయు మెతుకులవలన. రెంటికిని దాగుచోటు ఏండ్ల తరబడి కదలని మన యిటుకల కుప్ప. పోయిన వర్షకాలమున మన ఆవరణలో చంపబడినది జెఱ్ఱిపోతు. దానికి విషము లేదు. ఆవు కాళ్ళకు చుట్టుకొని పాలు త్రాగుననుట కట్టుకథ. అది తినునవి ఎలుకలు, కప్పలు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము ప్రకారము దానిని చంపుట నేరము కూడ. నాగుపాము, కట్లపాము, రక్తపింజర మన సీమలో నున్నమాట నిజము. వానికి వెఱచుట వివేకమే. కట్లపాము రాత్రివేళ నేలపై నిద్రించువారిని కఱచును. గాటు కంటికి కనబడకపోవచ్చును. కావున వసతిగృహపు పిల్లలకు మంచములును దోమతెరలును ఏర్పఱుపవలసినదని తలిదండ్రులను, అధికారులను వేడుచున్నాను. పాము కఱచినవానిని మంత్రగానియొద్దకు గాక వెంటనే ఆసుపత్రికి గొనిపోవలయును. విరుగుడుమందు ఉండునది అచ్చటనే.

చింతచెట్టునకు బదులు పది మొక్కలు నాటుదుమని పెద్దలందురు. నాటుడు, సంతోషమే. కాని పదేండ్ల మొక్కకు తొఱ్ఱయుండదు. రామచిలుక, గోరువంక, చిన్న గుడ్లగూబ కాపురముండునది ముసలి చెట్ల తొఱ్ఱలలోనే. ఆ రామచిలుకనే ఆంధ్రప్రదేశము 2018లో తన రాష్ట్రపక్షిగా ఎన్నుకొన్నది. అపశకునమని మనము తఱుముచుండు గుడ్లగూబ రాత్రులందు చుంచెలుకలను పట్టుచు, జీతము లేని కాపలా కాయుచున్నది.

కొట్టుగది కిటికీకి సన్నని యినుపతీగెల వల వేయించి, ధాన్యమునకు మూతగల డబ్బాలు కొని, ఇటుకల కుప్పను తీయించుటకగు వ్యయము చెట్టు కొట్టించు కూలికి మించదని నా లెక్క. ఆ యిటుకలను మాత్రము బాలురచే మోయింపరాదు. వాని నడుమ ఏమున్నదో చూచుకొని తీయుటకు బూట్లును పొడుగు కఱ్ఱయు గల పెద్దవారు కావలయును.