చెత్తబుట్టను ఖాళీ చేయడమే శుభ్రతా?



మన బడుల కంప్యూటరు గదుల్లో ఒక దురాచారం వేళ్ళూనుకొంటున్నది. సాయంకాలం గదికి తాళం వేసేముందు లినక్స్ తెరమీది చెత్తబుట్టను ఖాళీ చేయడమే శుభ్రత అని కొందరు ఉపాధ్యాయులు భావిస్తున్నారు. మరికొందరు షిఫ్ట్ మీటతో కలిపి డిలీట్ నొక్కడమే నేర్పరితనమని పిల్లలకు బోధిస్తున్నారు. ఈ రెండు అలవాట్లూ తెలుగు బడికి చేటు తెచ్చేవేనని నా వాదం.

ముందుగా ఆ బుట్ట స్వభావం తెలుసుకొందాం. లినక్స్‌లో ఫైలును ఎంచుకొని డిలీట్ నొక్కితే అది నశించదు, చెత్తబుట్టకు చేరుతుంది. ఆ బుట్టలో రెండు అరలున్నాయి. ఒకదానిలో ఫైలు ఉంటుంది. రెండవదానిలో అది ఏ ఫోల్డరు నుండి, ఏ తేదీన, ఏ గంటకు వచ్చిందో తెలిపే చిన్న చీటీ ఉంటుంది. రిస్టోర్ అని మీరు కోరగానే కంప్యూటరు ఆ చీటీని చదివి ఫైలును పూర్వస్థానానికి చేరుస్తుంది. గ్నోమ్ అయినా, కేడీఈ అయినా ఈ పద్ధతినే పాటిస్తాయి. షిఫ్ట్ డిలీట్‌కు గానీ, టెర్మినల్‌లోని ఆర్‌ఎం ఆదేశానికి గానీ ఈ చీటీ లేదు. కనుక పేరు చూసి మోసపోకండి. అది చెత్తను పారవేసే చోటు కాదు, మరొకసారి ఆలోచించుకొమ్మని మనకిచ్చిన గడువు.

ఆ గడువు అందరికంటే మనకే ఎక్కువ అవసరం. హోసూరు వంటి చోట తెలుగు మాధ్యమపు పిల్లవానికి అభ్యాస పుస్తకం కావాలంటే ఏ అంగడిలో దొరుకుతుంది? 2006లో తమిళనాడు తమిళ అభ్యసన చట్టం చేసిన తరువాత బడిలో తెలుగుకు చోటు మరింత కుంచించుకుపోయింది. ఉపాధ్యాయుడు రాత్రిళ్ళు కూర్చొని టైపు చేసిన ప్రశ్నపత్రం, పదాల పట్టిక, వ్యాకరణ పాఠం తరచుగా ఆ ఒక్క యంత్రంలోనే ఉంటాయి. అధికభాషవారి పాఠం పోతే మరొకచోట దొరుకుతుంది. మన పాఠం పోతే పోయినట్లే.

స్థలం చాలదంటారా? లెక్క చూడండి. యూనికోడ్ పాఠంలో ఒక్కొక్క తెలుగు సంకేతానికి సాధారణంగా 3 బైట్లు. 2000 సంకేతాల పుట 6000 బైట్లు. ఒక్క గిగాబైటులో లక్షన్నర పుటలకు పైగా పడతాయి. స్థలాన్ని మింగేవి చలనచిత్రాలు, ఛాయాచిత్రాలు. వాటిని ఏరి తీయండి, పాఠాలను కాదు.

పెన్‌డ్రైవు సంగతి వేరుగా చెప్పాలి. లినక్స్‌లో దానిపై ఫైలు తొలగిస్తే, ఆ డ్రైవులోనే ట్రాష్ పేరుతో ఒక దాగిన ఫోల్డరు ఏర్పడుతుంది. అందుకే తొలగించినా స్థలం పెరగదు. అదే డ్రైవును విండోస్‌లో పెట్టినపుడు ఆ ఫోల్డరు కనబడితే వైరస్ అని భయపడి ఫార్మాట్ చేసేవారున్నారు. అది వైరస్ కాదు. తెరిచి చూడండి, మీ పాఠమే అక్కడ ఉండవచ్చు.

పిల్లల మార్కుల పట్టికలు, చిరునామాలు పదిమంది వాడే యంత్రంలో నిలువ ఉంచరాదని మీరనవచ్చు. అది న్యాయమే. వాటిని మాత్రం పేరుపేరునా ఎంచి శాశ్వతంగా తొలగించండి. దానికోసం బుట్టనంతా బోర్లించనక్కరలేదు.

అయితే చెత్తబుట్టనే భద్రపేటిక అనుకోవడమూ అవివేకమే. డిస్కు చెడితే బుట్టా దానితోనే పోతుంది. ప్రతి పాఠానికీ మరొకచోట ప్రతి ఉండవలసిందే.

నేను కోరేది స్వల్పం. ఖాళీ చేయడానికి నెలకొక రోజు నిర్ణయించుకోండి. ఆనాడు తెలుగు ఉపాధ్యాయుణ్ణి పిలిచి, ఒక్కొక్క ఫైలు పేరూ చదివించి, అటుపిమ్మట ఖాళీ చేయండి. పిల్లలకు తొలగించడం నేర్పే ముందు తిరిగి తెచ్చుకోవడం నేర్పండి. పోగొట్టుకొన్నది చాలు. ఉన్నదానినైనా మన చేతులతో మనమే పారవేసుకోకుందాం.