మన ప్రశ్నకు వీసా లేదా?

యూనివర్సిటీలు చేతులు కలుపుతున్నాయి. ఎం.ఏ. ఎకనామిక్స్ కొంత ఇక్కడ, కొంత విదేశంలో చదవొచ్చు, ఇద్దరూ కలిసి డిగ్రీ ఇస్తారు. 2022 మే నెలలో యూజీసీ దీనికి రూల్స్ తెచ్చింది. జాయింట్ డిగ్రీ అయితే ఒక్కో చోట కనీసం 30 శాతం చదువు సాగాలి. మంచిదే, మేం కాదనం. కూలోళ్లకు ఈ ముచ్చటెందుకని ఎవరైనా అంటే, కూలి రేటు, కౌలు, వడ్డీ ఏ శాస్త్రంలోకి వస్తాయో వాళ్లనే చెప్పమనండి.

మాకు తెలిసిన పాత స్నేహం ఒకటుంది. 1913లో బరోడా స్కాలర్‌షిప్ మీద బాబాసాహెబ్ కొలంబియా వెళ్లారు. అక్కడి ప్రొఫెసర్ సెలిగ్మన్ పరిచయం రాసిచ్చి 1916లో లండన్ పంపాడు. శాలువాల్లేవు, ఫొటోల్లేవు. ఉత్తరం ముక్కతో రెండు యూనివర్సిటీలు కలిశాయి. 1917లో స్కాలర్‌షిప్ గడువు తీరి చదువు సగంలో ఆగింది. బొంబాయిలో పాఠాలు చెప్పి కూడబెట్టి, షాహూ మహరాజ్ సాయం, స్నేహితుడి అప్పు తోడు చేసుకుని 1920లో మళ్లీ ఓడెక్కారు. 1923లో డి.ఎస్సీ. చేతికొచ్చింది.

ఆయన రాసిందేమిటి? ఈస్టిండియా కంపెనీ ఖజానా, రాష్ట్రాల ఆదాయం, రూపాయి, కులం. అన్నీ ఈ దేశం సంగతులే!

ఇప్పుడు 2022 ఫిబ్రవరి చూడండి. యూజీసీ గేటు తెరవడానికి మూడు నెలల ముందు, కేంద్ర సామాజిక న్యాయ శాఖ నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్ రూల్స్ మార్చింది. ఎస్సీల పిల్లలు, సంచార జాతుల పిల్లలు, భూమిలేని కూలీల పిల్లలు విదేశం వెళ్లడానికున్న దారి అది. ఆ ఏడు దేశం మొత్తానికి 125 సీట్లు. భారత సంస్కృతి, చరిత్ర, ఇక్కడి సమాజం మీద పరిశోధన చేస్తామంటే ఈ డబ్బు రాదన్నారు. వాటికి పుస్తకాలు, పండితులు ఇక్కడే ఉన్నారట! మరి కంపెనీ కాగితాలు లండన్‌లో ఎందుకున్నాయి? బాబాసాహెబ్ ఇండియా ఆఫీస్ లైబ్రరీలో కూచుని చదివింది ఏమిటి? ఆయనే ఇవాళ కులం మీద రాస్తానని దరఖాస్తు పెడితే పక్కన పడేస్తారన్నమాట.

డబ్బున్నవాడు సొంత ఖర్చుతో పోయి మన మీదే పరిశోధన చేయొచ్చు. మనవాడు మాత్రం మన గురించి అడగకూడదు. ఇదేం న్యాయం?

కలిసి చేసే పని దండగని మేం అనడం లేదు. ఢిల్లీలోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ దళిత్ స్టడీస్, అమెరికాలోని ప్రిన్స్‌టన్ యూనివర్సిటీ చేయి కలిపాయి. సుఖదేవ్ థోరాట్, పాల్ ఆటెవెల్ చదువులో సమానమైన దరఖాస్తులే, పేర్లు మాత్రం మార్చి, ప్రైవేటు కంపెనీల ఉద్యోగ ప్రకటనలకు పంపారు. 4,808 దరఖాస్తులు. 2007లో లెక్క బయటపెట్టారు. పై కులం పేరుకు పిలుపొచ్చే అవకాశం ఒక రూపాయి అనుకుంటే, దళితుడి పేరుకు 67 పైసలు, ముస్లిం పేరుకు 33 పైసలు. ప్రైవేటులో మెరిటే చూస్తామని గొంతు చించుకునేవాళ్ల ముందు పెట్టడానికి మనకో కాగితం దొరికింది. ప్రశ్న మనది కాబట్టే దొరికింది.

అందుకే ఊరూరా సంఘాలు తీర్మానం రాసి సామాజిక న్యాయ శాఖకు పంపాలి. ఆ షరతు కొట్టేయాలని రాయండి. ఒప్పందాలు చేసుకునే మన యూనివర్సిటీలనూ అడగండి: మీ జాయింట్ డిగ్రీలో కులం ఏ పేపర్లో ఉంది? ఫీజు ఎవరు కడతారు? జవాబు కాగితం మీద తెచ్చుకోండి, నోటిమాట వద్దు.