హారం లేని లెక్కలు

"ద్వేషంతో జరిగే దాడులు ఎవరి మీద ఎక్కువ?" అని హాస్టల్లో వాదన మొదలైతే అర్ధరాత్రయినా తెగదు. ఒకడు ఒక మతం అంకె చెబుతాడు, ఇంకొకడు ఇంకొక జాతి అంకె తీస్తాడు. పెద్ద అంకె తెచ్చినవాడిదే గెలుపు! రైతుబిడ్డను గదా, నాకీ పద్ధతి ఎక్కదు. నూరు బస్తాలు పండాయని ఎవరైనా అంటే మా ఊళ్ళో ముందు అడిగేది, ఎన్నెకరాల్లో అని.

అమెరికా సంగతే చూద్దాం. 1990 నాటి చట్టం ప్రకారం అక్కడ ద్వేష నేరాల లెక్కను ఎఫ్.బి.ఐ. ఏటా ప్రకటిస్తుంది. 2023లో మొత్తం సంఘటనలు 11,862. నల్లజాతివారిపై మూడు వేలకు పైగా, యూదులపై 1,832. కాని జనాభాలో నల్లవారు నూటికి పద్నాలుగు మంది, యూదులు సుమారు ఇద్దరు. తలకింతని పంచితే వరస తారుమారవుతుంది. పోనీ యూదుల బాధే పెద్దదందామా? అదీ తొందరే. ఆ పట్టికలో గోడమీద రాత ఒకటే, హత్యా ఒకటే.

ఇక గడుల సంగతి. ముస్లింలపై సంఘటనలు 2000లో 28 ఉంటే, 2001లో 481కి ఎగబాకాయి. ఆ ఏడు సెప్టెంబరులో అరిజోనాలోని మీసాలో, తలపాగా చూసి పొరబడి ఒక సిక్కును కాల్చి చంపారు. పట్టికలో సిక్కులకు, హిందువులకు వేరే గడి పడింది 2015లో! 2017లో కాన్సాస్‌లోని ఒలేతలో మన తెలుగు ఇంజనీరును ఇరానీ అనుకుని చంపాడొకడు. అక్కడి నిబంధన ప్రకారం గడి పడేది చంపినవాడి ద్వేషాన్ని బట్టి, చచ్చినవాడి పుట్టుకను బట్టి కాదు. ఈ ఒక్క ముక్క తెలియకే సగం వాదనలు.

అన్నిటికన్నా మోసగించేది సున్నా. వాన కొలిచే పాత్ర పగిలిన మండలంలో సున్నా రాస్తే వాన పడలేదనా? అక్కడి పోలీసు శాఖలన్నీ లెక్క పంపి తీరాలని లేదు. 2021లో పద్ధతి మార్చేసరికి న్యూయార్క్, లాస్ ఏంజిలిస్ అంకెలే అందలేదు. మొదట 7,262 అన్నారు, మిగతావి కలిపాక 10,840 అయింది. జనాన్ని నేరుగా అడిగిన ప్రభుత్వ సర్వేలో మాత్రం 2004-2015 మధ్య ఏటా సగటున రెండున్నర లక్షలు తేలాయి! సగానికి పైగా పోలీసుల దాకా పోనేలేదు. భాష రాని వలస కూలీ, పోలీసంటే వణికేవాడు ఫిర్యాదు ఎక్కడిస్తారు? వాళ్ళ గడి ఎప్పుడూ చిన్నదే.

మన దగ్గర ఆ గడి కూడా నిలవలేదు. మూక దాడుల వివరాలను నేషనల్ క్రైమ్ రికార్డ్స్ బ్యూరో 2017లో సేకరించింది. అవి నమ్మదగ్గవి కావని ఆపేసినట్టు ప్రభుత్వం 2021లో పార్లమెంటుకు చెప్పింది. ఎక్కడ చెడిందో చూసి మళ్ళీ సేకరించవలసింది.