ముందు సీటు కోయించండి

‘బండి ఎత్తు ఎక్కువైందండీ, వెనకాల దించే కిట్ ఏది మంచిది?’ అని మన కుర్రాళ్ళు అడుగుతూ ఉంటారు. హిమాలయన్ 450 కొన్నవాళ్ళయితే మరీను. సీటు ఎత్తు 825 మిల్లీమీటర్లు, బరువు 196 కిలోలు. అయిదడుగుల నాలుగంగుళాల మనిషికి కాలి మునివేళ్ళే ఆనతాయి. హైవే ఎక్కాక ఆ గొడవే ఉండదు. చిక్కంతా ఆగేచోటే.

కోనసీమలో ఆగేచోట్లు ఎలాంటివి? సఖినేటిపల్లి రేవులో నరసాపురం పంటు ఎక్కాలంటే వాలు దిగాలి, తడిసిన రేకు మీదకి ఎక్కించాలి, ముందున్న ఆటో ఠక్కున ఆగితే మధ్యలోనే కాలు పెట్టాలి. కాలువ గట్టు మీద ధాన్యం ట్రాక్టరు ఎదురైతే అంచుకి ఒదగాలి. అక్కడ గట్టు జారుగా ఉంటుంది కాబట్టి ఆ పక్క కాలికి నేల ఇంకో జానెడు కిందికి పోతుంది. అందుకని కుర్రాళ్ళు అడగడంలో తప్పేం లేదు.

అయినా నా ఓటు సీటుకే, కిట్‌కి కాదు. కంపెనీయే 805 మిల్లీమీటర్లకు దిగే సీటు విడిగా అమ్ముతోంది. అదీ ఖర్చనుకుంటే సీట్లు కుట్టేవాడి చేత ఫోం కోయించండి. లోతు కంటే ముందు భాగం వెడల్పు తగ్గించమనండి. తొడలు దగ్గరైతే పాదం దానంతటదే దిగుతుంది, టేపు పెట్టి కొలిస్తే ఆ తేడా కనపడదు. పైగా ఇంజను కింద ఉన్న 230 మిల్లీమీటర్ల జాగా ఎక్కడికీ పోదు. ఊరూరా ఎవరి ఇంటిముందు వాళ్ళు పోయించుకున్న స్పీడ్ బ్రేకర్లు దాటాలంటే అదే మనకు ఆస్తి. స్ప్రింగు లూజు చేసి దించేస్తానని కొందరు మెకానిక్కులంటారు. ఒప్పుకోకండి. వెనకాల మనిషి, రెండు బ్యాగులు ఎక్కితే ప్రతి గతుక్కీ షాకబ్జారు అడుగంటుతుంది.

కిట్ తప్పదంటారా? మీ బండికి వెనక లింకేజీ ఉందో లేదో ముందు చూసుకోండి. హిమాలయన్‌కి ఉంది. స్వింగ్ ఆర్మ్‌కీ షాకబ్జారుకీ మధ్య ఉండే ఆ ఎముకలాంటి లింకులు తీసి కాస్త పొడుగువి వేస్తే వెనక భాగం దిగుతుంది. కేటీఎం 390 అడ్వెంచర్ పాత మోడల్‌కి లింకేజీ లేదు, దానికి పొట్టి షాకబ్జారే గతి. అన్ని బళ్ళకీ సరిపోతుందని వరసగా బెజ్జాలు పెట్టి అమ్మే పట్టీలు కొనకండి. లింకులో ఒక మిల్లీమీటరు తేడా వస్తే చక్రం దగ్గర అది కొన్ని రెట్లవుతుంది. పాతిక మిల్లీమీటర్లు దించితే చాలు. యాభై దించితే? లింకులు మార్చినా షాకబ్జారు నొక్కుకునే దూరం మారదు, దాంతో చక్రం అంతమేరా పైకొచ్చి మడ్‌గార్డుని ఒరుసుకుంటుంది.

వెనక దించి ముందు వదిలేస్తే మలుపుల్లో హ్యాండిలు మొరాయిస్తుంది. ఫోర్కు పైపుల్ని కూడా క్లాంపుల్లోంచి కొంచెం పైకి జరిపించండి, చెయిను బిగువు మళ్ళీ చూపించండి. సైడ్ స్టాండు పొడుగైపోయి బండి నిటారుగా నిలబడుతుంది, పంటు ఊగితే పక్కవాడి మీద పడుతుంది. దాన్నీ పొట్టి చేయించాల్సిందే. ఇక హెడ్‌లైటు రోడ్డు వదిలేసి కొబ్బరిచెట్ల మీద గెలలు లెక్కపెడుతుంది. దాన్ని కిందికి తిప్పే ఏర్పాటు బండికే ఉంది, అడిగి తిప్పించుకోండి.