చవక టెండరు ఎవరికి చవక?

మా ఊరి నుంచి పొలాలకు పోయే సిమెంటు రోడ్డు రెండో వానాకాలానికే అంచుల వెంట విరిగింది. విరిగిన చోట కూర్చుని స్కేలు పెట్టి మందం కొలిచాను. నాలుగు అంగుళాలు. సమాచార హక్కు కింద తెచ్చుకున్న ఎం-బుక్ (పని కొలతల పుస్తకం) నకలులో మాత్రం ఆరంగుళాలని రాసి, కింద సంతకాలు చేసి ఉంది. బొటనవేలితో గీకితే ఇసుక పొడిపొడిగా రాలింది. ఆ పని అంచనా కన్నా 24 శాతం లెస్‌కు పోయింది. టెండరు తెరిచిన రోజు సర్కారుకు పావు వంతు సొమ్ము మిగిలిందని ఊళ్లో అంతా మెచ్చుకున్నారు.

నా అభ్యంతరం ఆ మెప్పు మీదే. ఎవరు తక్కువకు చేస్తామంటే వాళ్లకే పని ఇవ్వాలి, నిజాయితీ అంటే అదే, ఆదా అంటే అదే అన్న నమ్మకం మనలో పాతుకుపోయింది. పత్రికలు అలాగే రాస్తాయి. ఆడిట్‌కు భయపడి అధికారులు అలాగే నడుచుకుంటారు. రెండో తక్కువ ధర వేసినవాడికి పని ఇచ్చిన ఇంజనీరు సంజాయిషీ చెప్పుకోవాలి. మొదటి ధరకు ఇచ్చి రోడ్డు పోగొట్టిన ఇంజనీరును ఎవరూ అడగరు. ఈ నమ్మకం తప్పని, దీనివల్ల ప్రజాధనం మిగలకపోగా పోతోందని నా వాదన.

ఒక్క లెక్క చూడండి. ఎస్ఎస్ఆర్ (ప్రామాణిక ధరల పట్టిక) రేట్లతో అంచనా కట్టేటప్పుడు కాంట్రాక్టరు లాభం, పైఖర్చులు కలిపి దాదాపు 14 శాతం వేస్తారు. అంటే 100 రూపాయల అంచనాలో అవి 12 రూపాయల పైచిలుకు. మిగతా 88 రూపాయలు సిమెంటు, కంకర, ఇసుక, ఇనుము, కూలీ, యంత్రాలవి. 24 శాతం లెస్‌కు వేసినవాడి చేతికి వచ్చేది 76 రూపాయలు. లాభం, పైఖర్చులు పూర్తిగా వదులుకున్నా ఇంకా 12 రూపాయలు ఎక్కడో తగ్గాలి. ఆ తగ్గినది నేను స్కేలు పెట్టి కొలిచినప్పుడు తగ్గిన రెండు అంగుళాల్లో ఉంది.

అంచనాలే ముందుగా పెంచి వేస్తున్నారు కాబట్టి అంత లెస్ సాధ్యమవుతోందని కొందరంటారు. చాలాచోట్ల అది నిజమే. అయితే అప్పుడు దాన్ని ఆదా అనడం ఎలా కుదురుతుంది? ఉబ్బించిన అంచనాలో కొంత వెనక్కి వచ్చింది, అంతే. తప్పు అంచనాలో ఉంటే అంచనాను సరిచేయాలి. వేసిన ఇంజనీరును, ఆమోదించిన అధికారిని అడగాలి.

మరీ తక్కువ ధరలో ఉన్న ప్రమాదం ప్రభుత్వానికి తెలియనిది కాదు. అంచనా కన్నా 25 శాతానికి మించి తక్కువకు కోట్ చేస్తే, ఆ పైన ఉన్న తేడాకు అదనపు పూచీ కట్టాలని ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2003లోనే జీవో 94 వచ్చింది. అందుకే మా రోడ్డు 24 దగ్గర ఆగింది. ఆ నిబంధన డబ్బు పూచీ అడుగుతుంది గానీ, ఈ ధరకు ఈ పని ఎలా చేస్తావని అడగదు. యూరోపియన్ యూనియన్ 2014 నాటి కొనుగోళ్ల ఆదేశంలో, ధర అసహజంగా తక్కువగా కనిపిస్తే వివరణ అడిగి తీరాలని ఉంది. వివరణ సంతృప్తికరంగా లేకపోతే ఆ టెండరును తిరస్కరించవచ్చు. మన దగ్గర ఆ ఒక్క ప్రశ్న వేసే ధైర్యం లేదు.

ఇచ్చిన పనికే మళ్లీ టెండరు పిలిచి వేలంలో ధర తగ్గించే రివర్స్ టెండరింగ్ చూశాం. 2019లో ఆంధ్రప్రదేశ్‌లోని పోలవరం హెడ్‌వర్క్స్, జలవిద్యుత్ కేంద్రం పనులకు మళ్లీ టెండరు పిలిస్తే 12.6 శాతం తక్కువకు పోయిందని, 628 కోట్లు మిగిలాయని ప్రకటించారు. బరిలో దిగింది ఒకే ఒక్క సంస్థ. ఒక్కరే పాల్గొన్న వేలాన్ని పోటీ అని ఎలా అంటాం? 2024లో కొత్త ప్రభుత్వం వచ్చి ఆ విధానాన్నే రద్దు చేసేనాటికీ పోలవరం పూర్తి కాలేదు. ఆలస్యానికి కారణాలు చాలా ఉన్నాయి, ఒక్క టెండరు విధానం మీద నెట్టను. నా బాధ వేరు. ఐదేళ్లపాటు అధికార, ప్రతిపక్షాలు రెండూ ఎన్ని కోట్లు మిగిలాయి, మిగల్లేదు అని వాదించుకున్నాయి. కట్టిన పని నాణ్యత మీద అందులో పదో వంతు చర్చ కూడా జరగలేదు.

తక్కువ ధర అన్నివేళలా చెడ్డదని నేననను. తీసుకునే ముందే పరీక్షించగలిగిన వస్తువుకు తక్కువ ధరే న్యాయం. 1995 నుంచి మందులు కొంటున్న తమిళనాడు వైద్య సేవల కార్పొరేషన్ చూడండి. వచ్చిన సరుకు నమూనాలను ప్రయోగశాలలకు పంపి, పరీక్షలో నిలిచాకే ఆసుపత్రులకు వదులుతారు. నాసిరకం ఇచ్చినవాళ్లను బ్లాక్‌లిస్టులో పెడతారు. అక్కడ తక్కువ ధరకు తోడుగా కాపలా ఉంది. రోడ్డు అడుగు పొర, పునాదిలో ఇనుము, పైపు కింద ఇసుక పరుపు అలా కాదు. ఒకసారి కప్పేశాక కనిపించవు. అక్కడ కాపలా లేకుండా ధర ఒక్కటే చూడటమంటే కళ్లు మూసుకుని కొనడమే.

ధర కాకుండా ఇంకేదైనా చూస్తే అధికారులకు విచక్షణ పెరిగి అవినీతి ముదురుతుందని ఇంకో వాదన. దీనికి బలం ఉంది, కొట్టిపారేయను. టెండరు ఫారాలు లాక్కోవడం, పెట్టె దగ్గర మనుషులను నిలబెట్టి అడ్డుకోవడం మనం చూసినవే. 2003 నుంచి ఈ-ప్రొక్యూర్‌మెంట్ వచ్చాక ఆ దౌర్జన్యం చాలావరకు తగ్గింది. కానీ విచక్షణ చావలేదు, చోటు మారింది. పెట్టె దగ్గర జరిగే దొంగతనం ఒకవైపు అర్హత నిబంధనల్లోకి, మరోవైపు ఎం-బుక్‌లోకి వెళ్లింది. ఎంత టర్నోవరు ఉండాలి, ఎలాంటి పని చేసి ఉండాలి అని ముందే ఒకరి కొలతకు కుట్టినట్టు రాస్తే, తర్వాత ధర పోటీకి విలువేముంది? ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడు. నేనడిగేది చాటు విచక్షణ కాదు. మార్కులు ఎలా వేస్తారో ముందే ప్రకటించి, వేశాక కారణాలతో సహా బయటపెట్టమంటున్నాను. కేంద్ర ఆర్థిక శాఖ 2021 అక్టోబరులో నాణ్యత ముఖ్యమైన పనులకు ధరతోపాటు నాణ్యతకూ మార్కులు వేయొచ్చని, అవి 30 శాతం మించకూడదని మార్గదర్శకాలిచ్చింది. దారి ఉంది, నడవడమే తక్కువ.

బిల్లుల సంగతి అన్నిటికన్నా చేటు. అవే మార్గదర్శకాలు పని సాగుతుండగా పెట్టే రన్నింగ్ బిల్లులో 75 శాతం పది పనిదినాల్లో ఇవ్వాలంటాయి. మన దగ్గర ఉపాధి హామీ పనుల బకాయిలు 12 శాతం వడ్డీతో చెల్లించమని 2021లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఆదేశించాల్సి వచ్చింది. తెలంగాణలో మాజీ సర్పంచులు అప్పు తెచ్చి చేయించిన పనుల బిల్లుల కోసం రోడ్డెక్కారు. బిల్లు ఎప్పుడొస్తుందో తెలియనప్పుడు ఒళ్లు దాచుకోకుండా పనిచేసే చిన్న కాంట్రాక్టరు టెండరు జోలికే రాడు. మిగిలేది బిల్లు మంజూరు చేయించుకోగల పలుకుబడి ఉన్నవాడు. ఇక అతను ఎంత లెస్‌కు వేస్తేనేం?

అంచనా నిజాయితీగా ఉండాలి. అసహజ ధరకు వివరణ అడగాలి. పని కప్పకముందే కొలవాలి. బిల్లు గడువులో ఇవ్వాలి. ఈ నాలుగూ లేని చవక టెండరు ప్రజలను మోసగించడమే.

చదువుతున్న మీకు ఒక మాట. సమాచార హక్కు చట్టం 2005 ప్రకారం పనిని స్వయంగా పరిశీలించే హక్కు, వాడిన సామగ్రి నమూనాను ధ్రువీకరణతో తీసుకునే హక్కు మీకున్నాయి. మీ వీధిలో కంకర దిగిన రోజునే దరఖాస్తు పెట్టండి. కాంక్రీటు పోసేటప్పుడు స్కేలు పట్టుకుని అక్కడ నిలబడండి. రెండు వానాకాలాలు పోయాక నాలా విరిగిన అంచును కొలుచుకునే పని మీకు పడకూడదు.