మెరుగు కూలి ఉషేగావ్‌కే దక్కాలి

ఆసిఫాబాద్‌లో నాది అవుసల దుకాణం. బంగారం ధరకు భయపడి జనం పుస్తెలకు, మెట్టెలకు తప్ప గడప తొక్కని ఈ రోజుల్లో నా దగ్గరికి కొత్త గిరాకీ ఒకటి వస్తోంది. మేళాలో కొన్న డోక్రా బిళ్ళ తెచ్చి, "దీనికి కొండి వెయ్యి, వెనుక గీరుకుంటుంది, జర నున్నగ చెయ్యి" అంటారు. చేసిస్తాను, కూలి తీసుకుంటాను. అయితే న్యాయంగా ఆ కూలి నాది కాదు. పోత పోసినవాళ్ళ ఇంట్లో పడాల్సిన డబ్బు అది.

ఉషేగావ్, కేస్లాగూడ ఊళ్ళల్లో ఓజా కులస్థులు తరతరాలుగా డోక్రా అనే ఈ ఇత్తడి పోత పనిలో ఉన్నారు. గోండుల దేవుళ్ళకు, పండుగలకు కావలసిన ఇత్తడి సామాను వాళ్ళ చేతిదే. మట్టితో లోపలి ముద్ద చేసి ఆరబెడతారు. దాని మీద తేనెమైనాన్ని సన్నటి దారంగా తీసి పక్కపక్కనే చుడతారు. పైన మెత్తటి మట్టి పూసి, లోహం పోయడానికి దారి వదిలి కాలుస్తారు. మైనం కరిగిపోయిన ఖాళీలోకి కాగిన ఇత్తడి దిగుతుంది. చల్లారాక మట్టిని పగలగొట్టాల్సిందే కాబట్టి ఒక్కో అచ్చుతో ఒక్కటే వస్తువు. మొహంజొదారో నాట్యగత్తె బొమ్మదీ ఇదే మైనపు పోత పద్ధతి. ఆ మైనపు దారపు వరసలు ఇత్తడిలో అలాగే నిలిచిపోవడం చూసినప్పుడల్లా నాకు అసూయే. తీగ లాగి, వంచి, అతికి నేను చేసేదాన్ని వాళ్ళు ఒక్క పోతలో తీస్తారు.

పోత తర్వాతి మెరుగు పని విలువ మాత్రం నాకు ఇంకోచోట తెలిసొచ్చింది. మా చిన్నమ్మాయి ఈమధ్య మెటల్ క్లే పొట్లం తెప్పించింది. జపాన్‌లో మిత్సుబిషి మెటీరియల్స్ వాళ్ళు 1990ల మొదట్లో బజారులోకి తెచ్చిన సరుకు. అతి సన్నటి వెండి పొడిని బంకతో, నీళ్ళతో కలిపిన ముద్ద. చేత్తో ఒత్తుకోవచ్చు, ఆకు అచ్చు దింపుకోవచ్చు. ఆరాక కాలిస్తే బంక మండిపోయి, వెండి కరగకుండానే రేణువుకు రేణువు అతుక్కుంటుంది. ముక్క కుంచించుకుపోతుంది కూడా. తొలి రకాల్లో పాతిక శాతం పైమాటే. అందుకే ఉంగరాన్ని వేలికంటే పెద్ద కొలతకు చేసుకోవాలి. పొయ్యిలోంచి తీసినప్పుడు మా అమ్మాయి చేసిన ఆకు సున్నం కొట్టినట్టు తెల్లగా ఉంది. "పాడైందా నాన్నా?" అంది. సబ్బు నీళ్ళలో ముంచి ఇత్తడి తీగల బ్రష్‌తో రుద్దితే అడుగునుంచి వెండి తేలింది.

ఆ సరుకు ఖరీదు చూస్తే మనబోటి వాళ్ళకు అది సరదాయే. కానీ ఒకటి గమనించాను. మెటల్ క్లే నేర్పేవాళ్ళు కాల్చడంతో చేతులు దులుపుకోరు. ఆకురాయి ఎంతవరకు పట్టాలి, అంచు ఎలా గుండ్రం చేయాలి, కొండి ఎక్కడ పెడితే బిళ్ళ బోర్లా తిరగదు, ఉక్కు గోలీల డ్రమ్ములో ఎంతసేపు తిప్పాలి, ఇవన్నీ పాఠంలో భాగమే. కొన్నవాళ్ళు మెళ్ళో వేసుకుని బయటికి వెళ్ళేదాకా పని అయినట్టు కాదు.

మన దగ్గర డోక్రా అంటే ఇప్పటికీ ఏనుగు, నెమలి, షోకేసు బొమ్మ. బొమ్మకు వెనుకవైపు గరుకుంటే ఎవరూ పట్టించుకోరు. నగ విషయం అట్లా కాదు. నగ చేతికొస్తే నేను ముందు వెనక్కి తిప్పి చూస్తాను. చర్మానికి తగిలేది ఆ వైపే. చెవి కమ్మకు మందం అర మిల్లీమీటరు ఎక్కువైనా సాయంత్రానికి తమ్మె లాగేస్తుంది. పలుచగా పోత దిగాలంటే మైనం దగ్గరే జాగ్రత్తపడాలి. నా దుకాణంలో కూర్చుని ఎంత అరగదీసినా ఆ బరువు తగ్గదు.

ఆదిలాబాద్ డోక్రాకు 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చింది, సంతోషం. ఆ గుర్తింపు పేరును కాపాడుతుందే గాని వెనుకవైపు నున్నగా చెయ్యదు. ఉట్నూరులోని గిరిజనాభివృద్ధి సంస్థ ఐటీడీఏ తలచుకుంటే ఉషేగావ్‌లో ఒక గది చాలు: తిప్పుడు డ్రమ్ము, సన్న ఆకురాళ్ళు, చిన్న డ్రిల్లు, మందం కొలిచే కాలిపర్, గ్రాముల తూకం. నేర్పడానికి నాలాంటి అవుసలోళ్ళు దొరుకుతారు. బఫింగ్ చక్రం మాత్రం ఆ గదిలోకి రానివ్వొద్దు. అనుభవం లేని చేతిలో అది మైనపు దారపు వరసల్ని అరగదీసి, డోక్రాను గిల్టు నగలా చేస్తుంది. మిషన్లొస్తే చేతిపని చస్తుందని కొందరు పెద్దలు బెంగపడతారు. పనితనం ఉన్నది మైనం చుట్టడంలో, పోత పోయడంలో. వెనుకవైపు గరుకులో కాదు.

ఇంకొక్క మాట. ఇత్తడికి హాల్‌మార్క్ లేదు, చేసినవాళ్ళ గుర్తు కొట్టడానికి నాకైతే ఉక్కు పంచ్ కావాలి. ఓజాలకు అదీ అక్కర్లేదు. మైనం దశలోనే వెనుకవైపు సన్న దారంతో ఇంటి గుర్తు వేసేస్తే పోతతో పాటే ఇత్తడిలో దిగుతుంది.